ఆక్సిజన్ 98కి చేరాక మగత ఎందుకు?

ప్రశ్న: మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ నాది. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న పెద్దాయన ఆయాసంతో వచ్చారు. రక్తంలో ఆక్సిజన్ 84 శాతమే ఉందని రిజర్వాయర్ మాస్క్ (ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చే, సంచి ఉన్న మాస్క్) పెట్టాం. 98కి వచ్చింది కానీ గంటలో మగతలోకి జారారు. పొరపాటు మాదేనా?
- స్టాఫ్ నర్సు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 84 చూసి ఆక్సిజన్ పెట్టడం సరైనదేనమ్మా. 98 దాకా పోనిచ్చి అలాగే వదిలేయడం పొరపాటు. ఇలాంటివారికి 88 నుంచి 92 చాలు. అంతకు మించితే గాలి సరిగా ఆడని ఊపిరితిత్తి భాగాలకూ రక్తం మళ్లుతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మగత అందుకే. పల్స్ ఆక్సీమీటర్‌లో ఇది కనబడదు.

అలాగని మాస్క్ ఒక్కసారిగా లాగేయకండి, ఆక్సిజన్ మొదటికన్నా కిందికి పడిపోతుంది. వెంచురి మాస్క్ (ఆక్సిజన్‌ను కచ్చితమైన శాతంలో ఇచ్చే మాస్క్) 28 శాతానికి మార్చండి. ఆక్సిజన్ నిమిషానికి వాల్వు మీద రాసినన్ని లీటర్లే, సాధారణంగా 4. శ్వాస నిమిషానికి 30 దాటితే 6 లీటర్లు చేయండి, ఆక్సిజన్ శాతం మారదు. కూర్చోబెట్టి, డాక్టర్‌ను వెంటనే పిలిచి, ఏబీజీకి (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) సిద్ధం చేయండి. అందులో పీహెచ్ (రక్తంలో ఆమ్లత్వం కొలత) 7.35 కన్నా తగ్గి, కార్బన్ డయాక్సైడ్ 45 ఎంఎంహెచ్‌జీ దాటితే బైపాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో శ్వాసకు సాయపడే యంత్రం) అవసరం పడొచ్చు. ఈలోపు గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి, మగతకు అదీ కారణం కావచ్చు. నెబ్యులైజర్‌ను (మందును తుంపరగా పీల్పించే పరికరం) ఆక్సిజన్‌తో కాక కంప్రెసర్ గాలితో నడపండి.

శ్వాసను నిండు నిమిషం లెక్కపెట్టండి. చాలా చార్టుల్లో రాత్రంతా 20 అనే ఉంటుంది, ఎవరూ లెక్కపెట్టలేదని దానర్థం!