మాటకారి కాని అమ్మాయి వర్క్‌షాప్‌లు నడపగలదా?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. ఏడాదిగా వాళ్ల మేనేజర్ తనచేత ఆఫీసులో వర్క్‌షాప్‌లు పెట్టిస్తున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, ఫెసిలిటేటర్ (అంటే వర్క్‌షాప్‌లు నడిపే మనిషి) సర్టిఫికెట్ కోర్సు చేసి, సొంతంగా అదే పని చేసుకుంటానంటోంది. చిన్నప్పటి నుంచి తను మాటకారి కాదు, నలుగురిలో నోరు విప్పదు. నాకు ఒకటే టెన్షన్. దానికన్నా హెచ్‌ఆర్‌లో ఎంబీఏ చేయించడం మేలు కదా? రెండిట్లో ఏది మంచిదో చెప్పండి. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే. అసలు భయం మాత్రం మధ్యలో ఒక్క వాక్యంలో పెట్టేశారు: తను మాటకారి కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సుల పేర్లు మారతాయి గానీ ఆ వాక్యం మారదు. ముందు దాని సంగతే చూద్దాం.

వర్క్‌షాప్ నడపడమంటే మైకు పట్టుకుని గంటలు గంటలు మాట్లాడటమనే చాలామంది అనుకుంటారు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నాళ్లు ఈ పని చేసిన నేనూ అలాగే అనుకున్నాను. మొదటి వర్క్‌షాప్‌కి 64 స్లైడ్లు పట్టుకెళ్లాను. ఉత్సాహం తెప్పిద్దామని అందర్నీ గుండ్రంగా నిలబెట్టి బంతి విసిరించాను. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒకాయన ఆ బంతి పట్టుకుని, "చేతిలో పని వదిలేసి వచ్చాను బాబూ, ఇందుకేనా?" అన్నారు. మధ్యాహ్నానికి సగం మంది ఫోన్లలో ఉన్నారు. మిగతా సగం నా మీద జాలితో విన్నారు.

తర్వాత ఒకసారి వేరే ఆఫీసులో ఒక అమ్మాయి నడిపిన వర్క్‌షాప్‌ని వెనక కూర్చుని చూశాను. గొంతు చిన్నది, "కాస్త గట్టిగా చెప్పండి" అని ఎవరో అన్నారు కూడా. తలా ఒక చీటీ ఇచ్చింది. "మీ పనిలో అనవసరంగా టైమ్ తినేస్తున్నది ఒక్కటి రాయండి. పేరు వద్దు. మూడు నిమిషాలు." అంతే, ఇక మాట్లాడలేదు. గది ముందు నిలబడి మూడు నిమిషాల నిశ్శబ్దం భరించడం ఎంత కష్టమో నిలబడ్డవాళ్లకే తెలుసు. నేనైతే ఈలోపు రెండు జోకులు వేసేవాణ్ని. తర్వాత ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమంది, ఆపైన నలుగురేసి. మేనేజర్‌కి మాత్రం ముందే చెప్పి ఉంచింది, మీరు చివర్లో మాట్లాడండి అని. చీటీలన్నీ గోడకి అంటించేసరికి 22లో 13 చీటీల మీద ఒకటే మాట: ఒక్క ఫారానికి ముగ్గురి సంతకాలు. మేనేజర్ లేచి వెళ్లి అన్నీ చదివి, మూడో సంతకం తనదేనని, అది లేకపోయినా పని ఆగదని ఒప్పుకున్నారు. ఎప్పటినుంచి తీసేస్తారో తేదీ వేసి బోర్డు మీద రాయించాకే ఆ అమ్మాయి అందర్నీ పంపించింది. మూడు గంటల్లో తను మాట్లాడింది మొత్తం కలిపినా ఇరవై నిమిషాలుండదు.

అందరూ కూర్చుని తోచింది చెప్పేసే బ్రెయిన్‌స్టార్మింగ్ ఉంది చూశారూ, దాన్ని ప్రచారంలోకి తెచ్చింది అడ్వర్టైజింగ్ రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్బోర్న్. 1958లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని పరీక్షించారు. నలుగురు కలిసి చెప్పిన ఐడియాలకన్నా, నలుగురు ఎవరికివాళ్లు ఆలోచించి చెప్పినవి కలిపితేనే ఎక్కువ తేలాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు తమ ఐడియా మర్చిపోతారు. పైగా ఎవరేమనుకుంటారో అన్న జంకు. మాటకారులకి ఈ సంగతి ఓ పట్టాన తట్టదు. మీ అమ్మాయికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడ మిమ్మల్ని కాస్త కోప్పడాలి. వర్క్‌షాప్ చెడగొట్టినవాళ్లకి ఏ మేనేజరూ ఏడాది పాటు అదే పని అప్పగించరు. మీరు మాత్రం 26 ఏళ్ల మనిషి గురించి ఎంబీఏ "చేయించడం" అని రాశారు. తను వర్క్‌షాప్‌లో ఏం చేస్తుందో ఒక్కసారైనా అడిగారా? అడిగిన జాడ ఉత్తరంలో లేదు. స్కూల్లో స్టేజీ ఎక్కనని మొరాయించిన పిల్లే ఇంకా మీ కళ్లముందు ఉన్నట్టుంది.

అలాగని రేపే రాజీనామా ఇమ్మని నేను అనను. ఈ ఫెసిలిటేటర్ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. రెండ్రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులు పుట్టగొడుగుల్లా పుడుతున్నాయి. చాలావాటిలో ఒక స్లైడు కనిపిస్తుంది: చదివింది 10 శాతమే గుర్తుంటుంది, చేసింది 90 శాతం గుర్తుంటుంది అని. దానికి అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు తగిలిస్తారు. ఆయన 1946లో వేసిన బొమ్మలో ఆ అంకెలే లేవు, తర్వాత ఎవరో చేర్చారు. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, అలా విడదీసి చెప్పాలన్నదీ ఇలాంటిదే. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేసి, దానికి సరైన ఆధారం లేదని తేల్చారు. కోర్సులో ఈ స్లైడు వేస్తే లేచి వచ్చేయమనండి. సరే, ఫీజు కట్టాక లేవబుద్ధి కాదు, కట్టకముందే కనుక్కోమనండి.

1994లో మొదలైన అంతర్జాతీయ ఫెసిలిటేటర్ల సంఘం ఐఏఎఫ్ ఇచ్చే సర్టిఫికెట్ వేరు. దానికి అప్పటికే వర్క్‌షాప్‌లు నడిపిన అనుభవం చూపించాలి, అసెసర్ల ముందు నడిపి చూపించాలి. ముందు పని, తర్వాత కాగితం. మీ అమ్మాయి వరస తిరగేస్తోంది.

అసలు పేచీ ఇంకొకటుంది. ట్రైనింగ్ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని అమెరికా ప్రొఫెసర్ డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే చెప్పారు: వచ్చినవాళ్లకి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిచేసే తీరు మారిందా, సంస్థకి ఒరిగిందేమిటి. బయటినుంచి వచ్చేవాళ్లు ఎక్కువమంది సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారం మీద ఐదుకి నాలుగున్నర వేయించుకుని, మొదటి మెట్టు మీంచే వెళ్లిపోతారు. ఆ మూడో సంతకం నిజంగా పోయిందో లేదో నెల తర్వాత చూడాలంటే ఆ ఆఫీసులోనే ఉండాలి. మీ అమ్మాయికి ఆ వీలు ఇప్పుడుంది, మానేస్తే పోతుంది. పైగా కంపెనీకి డబ్బు ఆడనప్పుడు ముందు కోత పడేవాటిలో ట్రైనింగ్ ఒకటి. అప్పుడు జీతం లేకుండా గడవాలి.

ఇక మీరడిగిన పోలిక. హెచ్‌ఆర్ ఎంబీఏలో నియామకాలు, జీతాలు, కార్మిక చట్టాలు వగైరాల మధ్య ట్రైనింగ్ ఒక చిన్న ముక్క. హెచ్‌ఆర్ పని మీద మనసుంటే చదవొచ్చు. నలుగురిలో నోరు తెరిపించడానికైతే వద్దు.

ఇంకో ఏడాది ఉద్యోగంలోనే ఉండి, తనకి పరిచయం లేని టీముల్లో కూడా నడపమనండి. ఎవరైనా వర్క్‌షాప్ పెట్టమంటే ముందు ఒకటి అడగాలి: "సాయంత్రానికి ఏం తేలాలి?" ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ వర్క్‌షాప్ ఒప్పుకోవద్దు, సగం వాటికి ఒక మెయిల్ చాలు. భోజనాల తర్వాత లెక్చర్ పెట్టొద్దు, చేతులకి పని చెప్పాలి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ప్రతిసారీ ఏం నిర్ణయించారు, నెల తర్వాత అందులో ఏం జరిగింది, రెండూ రాసుకోవాలి. రేపు సొంతంగా పనికి వెళ్లినప్పుడు కంపెనీల ముందు పెట్టాల్సింది ఆ పుస్తకమే. బయటివాళ్లు రెండోసారి కూడా పిలవడం మొదలుపెడితే అప్పుడు ఉద్యోగం సంగతి ఆలోచించవచ్చు.

ఈసారి వర్క్‌షాప్ నడిపి ఇంటికి వచ్చినప్పుడు "బాగా మాట్లాడావా?" అనకండి. "వాళ్లేమన్నారు?" అని అడగండి. తర్వాతి ఉత్తరం మాత్రం తననే రాయమనండి.