గేర్‌బాక్స్ దించే ముందు, దించాక

చిరంజీవి అల్లుడికి,

కారు క్లచ్ నువ్వే మార్చుకుంటానని, పనికి మీ స్నేహితుడి షెడ్డు ఉందని రాశావు. మార్చుకో, చేతకాని పనేం కాదు. కాకపోతే క్లచ్ సెట్టు కొనకముందే ఈ ఉత్తరం ఒకసారి చదువు.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం ఈడ్చట్లేదు, మాడు వాసన వస్తోంది అన్నావు. స్లిప్పే, అంటే క్లచ్ జారడమే అనిపిస్తోంది. అయినా తెల్లారుజామున బైపాస్ ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేరులో 40 మీద పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూడు. మోత ఒక్కసారిగా లేచి, స్పీడు ముల్లు అక్కడే ఉంటే క్లచ్ పట్టడం లేదని అర్థం. అప్పుడు కూడా వెంటనే పానా పట్టుకోవద్దు. పెడల్ నుంచి వచ్చే క్లచ్ కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా ఇలాగే జారుతుంది. మీ బండి మాన్యువల్‌లో పెడల్‌కు ఎంత ఆట ఉండాలని రాశారో అంత ఉందో లేదో చూసుకో.

గేరు పడకపోవడం, రివర్స్ వేస్తే గరగరమనడం వేరే జబ్బు. క్లచ్ పూర్తిగా విడవకపోతే అలా అవుతుంది. చాలాసార్లు కేబుల్ సాగి ఉంటుంది, ఆయిల్ క్లచ్ అయితే సిలిండర్ కారుతుంటుంది. దానికోసం ముందే గేర్‌బాక్స్ దించడం వట్టి దండగ. సౌండ్ కూడా గమనించు. పెడల్ తొక్కితే వచ్చే సౌండ్ ఎక్కువగా రిలీజ్ బేరింగ్‌దే, అంటే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కి విడిపించే బేరింగ్‌ది. న్యూట్రల్‌లో కాలు తీస్తే వచ్చి, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌ను అనుమానించాలి.

ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకుందామా అని అడిగావు. వద్దు. ఈ పనిలో కష్టమంతా గేర్‌బాక్స్ దించి ఎక్కించడమే. క్లచ్ ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చు. ఆ చిన్న బేరింగ్ ఆర్నెల్లకు అరిస్తే మళ్లీ మొత్తం దించాలి. షాపులో బండి పేరొక్కటే చెప్పొద్దు, ఛాసిస్ నంబర్ ఇచ్చి తీసుకో. ఒకే పేరున్న బండికి ఏడాదిని బట్టి సెట్టు మారిపోతుంది.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. స్టాండ్లు పెట్టు. ఇటుకలు, రాళ్లు అసలు పెట్టొద్దు, బరువుకు చిట్లిపోతాయి. మన కడప ఎండలో మధ్యాహ్నం కింద పడుకుంటే చేతి చెమటకే పానా జారుతుంది, అందుకని పొద్దున్నే మొదలుపెట్టు. బ్యాటరీ నెగటివ్ తీసేయి. యాక్సిళ్లు లాగకముందే గేర్ ఆయిల్ దించు, లేకపోతే అదంతా నీ మీదే. మౌంటింగ్ విప్పేముందు ఇంజన్ కింద చెక్క వేసి జాకీ ఆనించు. గేర్‌బాక్స్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద గేర్‌బాక్స్ బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చు. దించేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే.

దించాక టీ తాగు. తర్వాత లైటు తెచ్చుకుని నిదానంగా చూడు. నల్లదుమ్ముకు గాలి కొట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిబట్టతో తుడువు. ప్లేటు మీద రివెట్ల తలలు పైకి తేలాయా? తేలితే ఫ్లైవీల్, అంటే ప్లేటు ఆనుకునే ఇంజన్ వైపు బరువు చక్రం మీద చుట్టూ గీతలు పడి ఉంటాయి. గోరుతో అడ్డంగా గీయి, గోరు చిక్కుకునేంత లోతుంటే లేత్‌కు ఇవ్వాలి. నీలం మచ్చలు వేడికి వచ్చినవి. సన్న పగుళ్లు ఉన్నా మేస్త్రీకి చూపించు. కొన్ని డీజిల్ కార్లకు ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండేది) మాత్రం లేత్ పట్టించకూడదు.

ఇక ఆయిల్ తడి. ఫ్లైవీల్ వెనక తడిగా ఉంటే క్రాంక్ వెనక సీల్ పోయింది. గేర్‌బాక్స్ నుంచి క్లచ్‌లోకి వచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ తడి ఉంటే అక్కడి సీల్. ప్లేటుతో పోలిస్తే సీల్ ధర ఏపాటిది! అది మార్చకుండా కొత్త ప్లేటు బిగిస్తే ఆయిల్ తాగి, బండి కదిలేటప్పుడు దడదడలాడుతుంది. అలాంటి బండ్లు తిరిగి షెడ్డుకు రావడం నేను చాలా చూశాను.

బిగించేటప్పుడు ప్లేటు ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో దానిమీదే రాసి ఉంటుంది, చదువు. కొత్త ప్రెషర్ ప్లేటుకు తుప్పు పట్టకుండా పూసిన జిడ్డును బ్రేక్ క్లీనర్‌తో తుడిచెయ్యి. గ్రీజు చేతులతో ప్లేటు ముట్టుకోవద్దు. షాఫ్ట్ పళ్లకు గ్రీజు సన్నగా రాసి, మిగిలింది తుడువు. ఎక్కువైతే తిరిగేటప్పుడు ఎగిరి ప్లేటు మీదే పడుతుంది. ప్లేటును సెంటర్ చేయడానికి అలైన్‌మెంట్ పిన్ను వాడు, లేదా షెడ్డులో అదే బండిది పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ఉంటే సరిపోతుంది. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే కవర్ వంగిపోతుంది. చివర్లో టార్క్ పానాతో మాన్యువల్‌లో చెప్పినంతే.

గేర్‌బాక్స్ చివరి అంగుళం దగ్గర మొండికేస్తుంది. బోల్టులతో లాగి కూర్చోబెట్టొద్దు, దాని బరువును షాఫ్ట్ మీద వేలాడదీయొద్దు. మీ స్నేహితుడిని క్రాంక్ కొంచెం తిప్పమను, పళ్లు కలిస్తే తనంతట అదే లోపలికి పోతుంది. పోకపోతే వెనక్కి తీసి సెంటర్ మళ్లీ చూసుకో.

గేర్ ఆయిల్ పోయడం మరిచిపోవద్దు. స్టాండ్ల మీద ఉండగానే అన్ని గేర్లూ వేసి చూడు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఊళ్లోనే మెల్లగా తిప్పు, ఆ లోపల ఘాట్ వైపు పోవద్దు. గువ్వలచెరువు పాలకోవా తినాలని ఉంటే బస్సులో పోయిరా.

పాత ప్లేటు తుక్కుకు వేయకు. పండక్కి వచ్చినప్పుడు చూస్తాను. మామూలుగా అరిగితే సరే. మాడిపోయి ఉంటే మాత్రం ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో బండి నిలబెట్టే అలవాటు నీదో మీ నాన్నదో తేలుద్దాం.

ఇట్లు,
మీ మామ