ఏప్రిల్ 16 కాదమ్మా, ఏప్రిల్ 10 చూసుకోండి

ప్రశ్న: సార్, మావారు పదిహేడేళ్లుగా ఏజెన్సీ గ్రామాల్లో హక్కుల కార్యకర్త. గ్రామసభ తీర్మానం లేకుండా నడుస్తున్న కంకర క్వారీ మీద సమాచార హక్కు దరఖాస్తులు పెట్టారు. ఫిబ్రవరి 6 రాత్రి పదిన్నరకు మఫ్టీలో వచ్చినవాళ్లు ఆయనను ఇంటి నుంచి తీసుకెళ్లారు. 8వ తేదీ సాయంత్రం బస్టాండు దగ్గర అరెస్టు చేసినట్టు చూపించి, 9వ తేదీ ఉదయం మేజిస్ట్రేటు ముందు పెట్టారు. క్వారీ మేనేజరును బెదిరించి డబ్బు వసూలు చేశారని, అడ్డొచ్చిన కానిస్టేబులును కొట్టారని భారతీయ న్యాయ సంహిత 308(2), 121(1), 132 సెక్షన్ల కింద కేసు పెట్టారు. ఒకసారి బెయిలు కొట్టేశారు. సెషన్స్ కోర్టులో రెండో పిటిషను ఏప్రిల్ 16కు ఉంది. ఆయన ఎంత నిజాయతీపరుడో జడ్జిగారికి తెలిసేలా ఏం చేయాలి? హెబియస్ కార్పస్ (పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషను) వేయమని కొందరు అంటున్నారు. రాష్ట్ర, జాతీయ మానవ హక్కుల కమిషన్లు రెండింటికీ ఫిర్యాదు రాసి ఉంచాం. స్టేషనుకు దగ్గరి మనిషి ఒకరు, ఏప్రిల్ మూడో వారం దాకా ఏమీ కదపకుండా ఉంటే ఛార్జిషీటులో పెద్ద సెక్షను తీసేయిస్తానంటున్నాడు. పక్కింటివాళ్లిద్దరు ఆయనను 4వ తేదీనే తీసుకెళ్లారని అఫిడవిట్ ఇస్తామంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇవాళ్టికి 45 రోజులైంది.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పదకొండు పేజీలు. రెండుసార్లు చదివాను. అందులో ఏప్రిల్ 16 అనే తేదీ ఏడు చోట్ల ఉంది. ఏప్రిల్ 10 ఒక్కచోట కూడా లేదు. మీవారు బయటికి వచ్చే దారి ఆ పదో తేదీన ఉంది.

ఆయన మంచితనం గురించి మీరు రాసినదంతా నిజమేనని నేను నమ్ముతాను. కానీ మీకు ఇప్పుడు పనికొచ్చే వాదన దాని మీద నిలబడదు. పోలీసులు చట్టం ఇచ్చిన గడువులోపు ఛార్జిషీటు వేశారా లేదా అన్నదొక్కటే ప్రశ్న. వేయకపోతే ఆయన మంచివారా కాదా, నేరం చేశారా లేదా అని కోర్టు అడగనే అడగదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 187(3) కింద బెయిలు ఇచ్చి తీరాలి. దీన్ని డిఫాల్ట్ బెయిల్ అంటారు, మన కోర్టుల్లో మాండేటరీ బెయిల్ అని కూడా అంటారు. ఇది కోర్టు దయతో ఇచ్చేది కాదు. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2020లో బిక్రమ్‌జిత్ సింగ్ కేసులో చెప్పింది.

లెక్క మీరే వేసి చూడండి. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా ఆపైన శిక్ష ఉన్న నేరాలకు గడువు 90 రోజులు, మిగతావాటికి 60. మీరు రాసిన సెక్షన్లలో 308(2)కు గరిష్ఠ శిక్ష ఏడేళ్లు, 121(1)కు ఐదేళ్లు, 132కు రెండేళ్లు. కాబట్టి మీ కేసుకు 60 రోజులే. రోజులు అరెస్టు నుంచి కాదు, మేజిస్ట్రేటు మొదట రిమాండు చేసిన రోజు నుంచి లెక్క. ఆ రోజును కలపాలా వద్దా అని చాలాకాలం వాదనలు నడిచాయి. కలపాల్సిందేనని 2023 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. ఫిబ్రవరి 9 నుంచి నెలాఖరు దాకా 20 రోజులు, మార్చి 31, ఏప్రిల్ 9తో అరవై నిండుతాయి. అరవై ఒకటో రోజు ఏప్రిల్ 10.

అయితే ఎఫ్ఐఆర్ కాపీ తెప్పించి 308 పక్కన బ్రాకెట్లో ఏ అంకె ఉందో మీ కళ్లతో చూడండి. అదే సెక్షనులో ప్రాణభయం చూపి వసూలు చేశారనే ఉపసెక్షను ఉంది, దానికి పదేళ్ల దాకా శిక్ష. ఆ అంకె మారితే గడువు 90 రోజులని పోలీసులు వాదిస్తారు. గడువు దగ్గర పడ్డాక కోర్టులో సెక్షన్ ఆల్టరేషన్ మెమో పెట్టి గట్టి సెక్షను కలపడం కూడా నేను చూశాను. అలాంటి మెమో పడిందేమో వారానికి ఒకసారి కోర్టు ఆఫీసులో అడగాలి. ఉపా చట్టం (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కలిపితే గడువును 180 రోజుల దాకా పొడిగించమని అడిగే వీలుంది. అప్పుడు కూడా పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన రిపోర్టు ఇవ్వాలి. నిందితుణ్ని కోర్టు ముందుంచి అతనికి తెలిసేలా ఆ పొడిగింపు జరగాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ హక్కు దానంతట అది ఇంటికి రాదు. అడిగినవాళ్లకే వస్తుంది, అదీ ఛార్జిషీటు పడేలోపు అడగాలి. అరవై ఒకటో రోజు మీరు అడగకుండా ఊరుకుని, అరవై మూడో రోజు పోలీసులు ఛార్జిషీటు వేస్తే హక్కు పోయినట్టే. హక్కుల కార్యకర్తల మీద, రచయితల మీద ఉపా కింద పెట్టిన భీమా కోరెగావ్ కేసు మీకు తెలిసే ఉంటుంది. 2021 డిసెంబరు 1న బాంబే హైకోర్టు న్యాయవాది సుధా భరద్వాజ్‌కు డిఫాల్ట్ బెయిల్ ఇచ్చింది. అదే కేసులో ఉన్న మరో ఎనిమిది మందికి ఇవ్వలేదు. మన వరవరరావు గారు ఆ ఎనిమిది మందిలో ఒకరు. వాళ్ల మీది ఆరోపణల్లో తేడా చూసి కోర్టు ఆ తీర్పు ఇవ్వలేదు. ఆమె అడగాల్సిన సమయంలో అడిగారు, మిగతావాళ్లు ఆ సమయానికి అడగలేదు అన్నదే కారణం. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది.

స్టేషనుకు దగ్గరి మనిషి మాట ఇప్పుడు మళ్లీ గుర్తు చేసుకోండి. ఏప్రిల్ మూడో వారం దాకా ఏమీ కదపవద్దన్నాడు. ఆ మాట వింటే పదో తేదీ మీ చేతిలోంచి జారిపోతుంది. అతను తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నాకు అనవసరం. అతనితో ఇక ఒక్క మాట కూడా మాట్లాడవద్దు. ఏ కాగితం మీదా మీరు గానీ మీవారు గానీ సంతకం పెట్టవద్దు.

చేయాల్సింది ఇది. పదో తేదీ ఉదయం కోర్టు తెరిచేసరికి మీ లాయరు గారు ఫైలింగు దగ్గర ఉండాలి. సెషన్స్ కోర్టులో కాదు, రిమాండు చేసిన మేజిస్ట్రేటు కోర్టులో. ముందుగా ఛార్జిషీటు నంబరు పడిందా అని కనుక్కోవాలి. పడకపోతే వెంటనే పిటిషను వేసి, అందిన సమయంతో సహా రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత గంటకు పోలీసులు ఛార్జిషీటు తెచ్చినా మీ హక్కు పోదు. పిటిషను కాపీ మాత్రం ముందురోజే సిద్ధంగా ఉండాలి. లాయరు గారు ఏ కారణంగానైనా రాలేకపోతే? మీవారు వీడియోలో రిమాండు పొడిగింపుకు వచ్చినప్పుడు మేజిస్ట్రేటుతో నోటితో చెప్పినా చాలు, అర్జీ రాసి ఇవ్వకపోయినా ఆ అడగడం చెల్లుతుందని 2017లో రాకేష్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. అందుకే ఈ వారం ములాఖత్‌లో ఆ తేదీని ఆయనకు చెప్పండి. జైలు సూపరింటెండెంటు ద్వారా ఒక అర్జీ కూడా పంపించమనండి.

జామీనుదారులను ఇప్పుడే చూసి పెట్టుకోండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆర్డరు వచ్చాక షూరిటీలు ఇవ్వలేక నాలుగు రోజులు గడిపితే, ఆ మధ్యలో ఛార్జిషీటు పడి కథ మొదటికి వస్తుంది. ఇద్దరు మనుషులు, వాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా పట్టాదారు పాస్‌బుక్ తొమ్మిదో తేదీకే మీ చేతిలో ఉండాలి. డిఫాల్ట్ బెయిలుకు ఇంత డబ్బు డిపాజిట్ కట్టాలని షరతు పెట్టకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి షరతు పెడితే భయపడి అప్పు చేయవద్దు, సవాలు చేయమని లాయరు గారితో చెప్పండి.

ఇంకో సంగతి. ఆయన మీద పాత కేసులు ఏమైనా ఉన్నాయా? మీరు రాయలేదు. హక్కుల కార్యకర్తల విషయంలో ఒక కేసులో బెయిలు రాగానే వేరే కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్న మనిషిని ఆ కేసు కోర్టు ముందుకు తెప్పించే వారెంటు) తెచ్చి జైల్లోనే ఉంచడం తరచూ జరుగుతుంది. పీటీ వారెంటు మీద హాజరుపరిచి రిమాండు చేస్తే ఆ కేసుకు రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ప్రతి కేసుకూ విడిగా ఒక కాగితం మీద రిమాండు తేదీ రాసి పెట్టుకోండి.

పోలీసులు తొమ్మిదో తేదీలోపే ఛార్జిషీటు వేస్తే ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఏప్రిల్ 16 పిటిషనే మిగులుతుంది. అందులోనైనా ఆయన సేవ గురించి పేజీలు నింపవద్దు. అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా ఇచ్చారా అన్నది ముందు పెట్టండి. "ఏదో ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకున్నారు" అని మీ ఉత్తరంలో ఒక మూల ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని చిన్న విషయంగా రాశారు, నాకు మాత్రం పదకొండు పేజీల్లో బరువైన వాక్యం అదే. దర్యాప్తు కోసం, పారిపోకుండా ఉండటం కోసం అని ఎవరికైనా సరిపోయే అచ్చు మాటలు రాస్తే అవి కారణాలు కావని, ఆ మనిషి చేశాడంటున్న పని ఏమిటో అందులో ఉండాలని 2024 మేలో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పి, ఆ అరెస్టు చెల్లదంది. 2025లో విహాన్ కుమార్ కేసులో ఇది రాజ్యాంగం 22(1) అధికరణం కింద తప్పనిసరి అని మళ్లీ చెప్పింది. అదే ఏడాది నవంబరులో మరో తీర్పులో, ఏ నేరమైనా సరే, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలంది. మీవారికి ఇంగ్లీషు రాదని మీరే రాశారు. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న కేసు కాబట్టి, అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే నాగరిక సురక్షా సంహిత 35(3) నోటీసు ఎందుకివ్వలేదన్న ప్రశ్న కూడా ఉంది. రిమాండు రిపోర్టు, అరెస్టు మెమో, ఆ ఇంగ్లీషు కాగితం సర్టిఫైడ్ కాపీల కోసం రేపే దరఖాస్తు పెట్టించండి. నలభై ఐదు రోజులైనా ఈ మూడు కాగితాలు మీ దగ్గర లేకపోవడం చాలా పెద్ద తప్పు.

హెబియస్ కార్పస్ ఫిబ్రవరి 7న, 8న వేసి ఉంటే బ్రహ్మాండంగా పనిచేసేది. మేజిస్ట్రేటు రిమాండు ఆర్డరు ఉన్నాక సాధారణంగా అది నిలవదు. ఇప్పుడు దానికి డబ్బూ రోజులూ పెట్టవద్దు.

పక్కింటివాళ్ల అఫిడవిట్ సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. 5వ తేదీన ఆయన గ్రామసభలో మాట్లాడుతున్న ఫొటో మీరే ఉత్తరానికి జత చేశారు. 4వ తేదీనే తీసుకెళ్లారని ప్రమాణం చేసిన మనిషిని ఆ ఫొటో చూపించి ప్రాసిక్యూటరు రెండు నిమిషాల్లో అబద్ధాలకోరుగా నిలబెడతాడు. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆ పేదవాళ్లిద్దరూ జైలుకు పోతారు, మీవారు చెప్పే నిజం కూడా ఇక ఎవరూ నమ్మరు. పట్టుకున్న మనిషిని మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి ఇరవై నాలుగు గంటలు దాటకూడదన్నది చట్టం. మీ నిజం ప్రకారమే రెండు రోజుల పైన అక్రమంగా ఉంచారు. దానికి ఇంకా రెండు రోజులు కలపాల్సిన అవసరం ఏముంది?

ఆ నిజానికి మీ దగ్గర మంచి సాక్ష్యం ఉంది. 6వ తేదీ రాత్రి 10:48కి మీ ఆడపడుచు మీ అన్నయ్యకు పంపిన "అన్నయ్యను ఎవరో జీపులో ఎక్కించుకుపోయారు" అన్న వాట్సాప్ మెసేజి. ఆ రాత్రి మీరు 112కు ఫోన్ చేశానన్నారు, ఆ కాల్ రికార్డు. బస్టాండు కెమెరా ఫుటేజి మాత్రం ఇంకా ఉందో లేదో, మొదటి వారంలో అడగాల్సింది. పోలీసు స్టేషన్ల ఫుటేజిని 18 నెలలు ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది, కాబట్టి 6 నుంచి 9 దాకా స్టేషను ఫుటేజిని, కాల్ రికార్డులను భద్రపరచమని మేజిస్ట్రేటు కోర్టులో ఇప్పుడే పిటిషను వేయించండి.

కమిషన్ల విషయంలో, రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు. ఇద్దరికీ పంపితే ఒకచోట కొట్టేస్తారు. ఒకదాన్నే ఎంచుకోండి, ఘటన జరిగిన ఏడాదిలోపు చేరాలి. అక్రమ నిర్బంధానికి పరిహారం కోరే సివిల్ దావాకూ నిర్బంధం ముగిసిన నాటి నుంచి ఏడాదే గడువు. ఇవన్నీ ఆయన ఇంటికొచ్చాక తీరిగ్గా చేయవచ్చు.

ఆ వాట్సాప్ మెసేజి లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫోను ఉండాలి. మీ ఆడపడుచును ఆ ఫోను మార్చవద్దని, రిపేరుకు ఇవ్వవద్దని, ఆ చాట్ డిలీట్ చేయవద్దని ఇవాళే చెప్పండి.