రోజూ రానక్కర్లేదన్న ఐటీఐ మీ బాబుకు అక్కర్లేదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. బోరు మోటార్లు విప్పి వైండింగ్ చేస్త. ఎనిమిదో తరగతి దాకా చదివిన. మా బాబు పది పాసైండు, ఐటీఐల ఎలక్ట్రీషియన్ చేస్తా అంటుండు. ఒక ప్రైవేటు ఐటీఐ మనిషి ఇంటికొచ్చి, రోజూ రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు, స్కాలర్‌షిప్ మేమే చూసుకుంటం, అయినంక దామరచర్ల పవర్ ప్లాంట్ల పెట్టిస్తం అంటుండు. పది మెమో ఒరిజినల్ ఇయ్యమంటుండు. నల్లగొండ ప్రభుత్వ ఐటీఐకి పంపుదామంటే, ఆడ ఏం చెప్పరు అని పక్కింటోళ్లంటున్నరు. ఏది మంచిదో మాలాంటోళ్లకు ఎట్ల తెలుస్తది? ఇంకో మాట, నాకు 43 ఏండ్లు. ఇన్నేండ్ల పనికి నా పేరు మీద ఒక కాగితం లేదు. ఇప్పుడు దొరుకుతదా?

జవాబు: అన్నా, ముందు ఒరిజినల్ మెమో ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపే పోయి తెచ్చుకోండి. మెమో, టీసీ వాళ్ల బీరువాలో పడ్డాక, మీకు నచ్చకపోయినా బాబును అక్కణ్నుంచి బయటికి తేవడానికి తిరగలేక చస్తారు. ఒరిజినల్స్ ఇచ్చేది అన్నీ చూసుకుని సీటు ఖాయం చేసుకున్న రోజునే, అదీ రసీదు తీసుకుని.

ఇక ‘రోజూ రానక్కర్లేదు’ అన్న మాట. ఆ కాలేజీ సంగతి ఆయనే మీకు చెప్పేశాడు. ఐటీఐ గైడు చదివి గట్టెక్కే చదువు కాదు. 2022లో సవరించిన సిలబస్‌లో ఏడాదికి 1,200 గంటల శిక్షణ ఉంటే, అందులో 840 గంటలు వర్క్‌షాప్‌లో చేత్తో చేసే పనే. మొదటి ఏడాది ట్రేడ్ థియరీ 240 గంటలు. మిగిలిన 120 గంటలు ఇంటర్వ్యూలో ఎట్లా మాట్లాడాలి, కంప్యూటర్ మీద నాలుగు పనులు ఎట్లా చేసుకోవాలి లాంటివి. వీటికి తోడు ఏటా 150 గంటలు ఏదైనా పరిశ్రమలో పని నేర్చుకోవాలి, లేదంటే గ్రూపు ప్రాజెక్టు చేయాలి. హాజరు 80 శాతం లేనిదే ఆలిండియా ట్రేడ్ టెస్టుకు కూర్చోనివ్వరు. మరి రాని పిల్లగాడికి ఆ 80 శాతం ఎక్కణ్నుంచి వస్తుంది? దొంగ హాజరు వేసే చోట ప్రాక్టికల్ మార్కులు ఎట్లా పడతాయో నేను చెప్పనక్కర్లేదు. బాబు పాసవుతాడు, సర్టిఫికెట్ కూడా నిజమైనదే వస్తుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అప్రెంటిస్‌షిప్ కోసం పోయిన చోట, పెద్ద మోటార్లను నడిపించే స్టార్-డెల్టా స్టార్టర్ ముందు నిలబెట్టి కనెక్షన్ ఇవ్వమంటారు. మీ షాపులో రోజూ మీ పక్కన కూర్చున్న కుర్రాడు ఇచ్చేస్తాడు గానీ, ఆ కాలేజీ పిల్లగాడు ఇవ్వలేడు.

‘ప్రభుత్వ గుర్తింపు ఉంది’ అనే మాట దగ్గర ఎక్కువమంది తల్లిదండ్రులు మోసపోతారు. ఆ బోర్డు అబద్ధం కాకపోవచ్చు. కానీ అనుబంధం కాలేజీ మొత్తానికి గంపగుత్తగా రాదు. ఏ ట్రేడ్‌లో ఎన్ని యూనిట్లు అని విడివిడిగా వస్తుంది. ఎలక్ట్రీషియన్‌లో ఒక యూనిట్‌కు 20 సీట్లు. ఫిట్టర్‌కు గుర్తింపు ఉండి ఎలక్ట్రీషియన్‌కు లేకపోవచ్చు. రెండు యూనిట్లకే అనుమతి ఉంటే 40 మందికి మించి చేర్చుకోకూడదు. మించి చేర్చుకుంటే ఆ పిల్లల పేర్లు పోర్టల్‌లోకి ఎక్కవు, హాల్‌టికెట్ల రోజున గొడవ మొదలవుతుంది. కేంద్ర నైపుణ్య శాఖ కింద పనిచేసే డీజీటీ అనుమతిచ్చిన ట్రేడ్‌లో చదివి పాసైతే వచ్చేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. దేశంలో ఎక్కడైనా చెల్లేది అదే. కాలేజీ సొంతంగా ‘డిప్లొమా ఇన్ ఎలక్ట్రికల్’ అని ముద్రించి ఇచ్చే కాగితం దేనికీ పనికిరాదు. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ వెబ్‌సైట్‌లో ఐటీఐ పేరు కొడితే ఏ ట్రేడ్‌కు ఎన్ని యూనిట్లో కనిపిస్తుంది. బాబు ఫోన్‌లోనే చూడొచ్చు. అర్థం కాకపోతే నల్లగొండ ప్రభుత్వ ఐటీఐకి పోయి అడగండి, చూసి చెబుతారు.

అదే వెబ్‌సైట్‌లో గ్రేడింగ్ కూడా ఉంటుంది. ఒకప్పుడు స్టార్లు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు పదికి ఇన్ని అని మార్కులు. నన్నడిగితే దాన్ని సగమే నమ్మాలి. సీట్లు ఎంత నిండాయి, ఎందరు పాసయ్యారు లాంటి లెక్కల మీద వచ్చే మార్కు అది. దొంగ హాజరుతో అందర్నీ పాస్ చేయించే కాలేజీకి ఆ లెక్కలు బాగానే ఉంటాయి. మార్కు మరీ తక్కువుంటే ఆ కాలేజీని వదిలేయండి. ఎక్కువుంటే మాత్రం కళ్లతో చూడకుండా నమ్మకండి.

చూడటంలో నాకంటే మీరే నయం. ఒక పనిదినం, ముందుగా చెప్పకుండా, పదకొండు గంటలప్పుడు పోండి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తారు. తాగండి గానీ, తర్వాత వర్క్‌షాప్ చూపించమనండి. ముందు మీటర్ బోర్డు చూడండి. ఏ ట్రేడ్‌కు ఎంత స్థలం కావాలి, ఎన్ని కిలోవాట్ల కరెంటు కావాలి అని సిలబస్‌లోనే రాసి ఉంటుంది. త్రీఫేజ్ సప్లై లేని చోట త్రీఫేజ్ మోటార్ ఎట్లా నేర్పుతారు? నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో అడగండి. వర్క్‌షాప్ నిండా మెషిన్లుండి, బిల్లు ఒక ఇంటి బిల్లంత వస్తుంటే ఆ మెషిన్లు తనిఖీ రోజున చూపించడానికే. తర్వాత రీవైండింగ్ టేబుల్ దగ్గరికి పోండి. ఎలక్ట్రీషియన్ సిలబస్‌లో మోటార్ వైండింగ్ ఉంది. అక్కడ వైండింగ్ వైరు ముక్కలు, వార్నిష్ మరకలు, పాత కాయిల్స్ కనబడాలి. అంతా అద్దంలా మెరుస్తుంటే అక్కడెవరూ పని చేయడం లేదన్నట్టే.

ఇన్‌స్ట్రక్టర్‌ను పలకరించండి. ఆయనకు సీఐటీఎస్ ఉందా అని అడగండి. ఐటీఐలో పని నేర్పేవాళ్లకు, ఎట్లా నేర్పాలో ఏడాదిపాటు ఇచ్చే శిక్షణ అది. హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలో ఉన్న కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థల్లో (ఎన్‌ఎస్‌టీఐ) ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి, డాక్టర్ ఏం చదివాడో బోర్డు మీద చూడటం లాంటిదే ఇదీ. ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎన్ని ట్రేడ్‌లు చూస్తున్నాడో కూడా అడగండి. చివరికి గేటు బయట సీనియర్ పిల్లల్ని పట్టుకుని, ‘నిన్న వర్క్‌షాప్‌లో ఏం జాబ్ చేశారు?’ అనండి. ఠక్కున చెబితే మంచిది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మీరు ఇంటికి రావచ్చు.

ఇదంతా తల్లిదండ్రులు చేయాల్సిన పనా అంటే, కాదు. తనిఖీ చేయడానికి డీజీటీ ఉంది, సర్టిఫికెట్లిచ్చే సంస్థల మీద అజమాయిషీకి 2018లో నోటిఫై చేసిన ఎన్‌సీవీఈటీ ఉంది, రాష్ట్రంలో ఉపాధి, శిక్షణ శాఖ ఉంది. అంచెలకు కొదవలేదు. కానీ తనిఖీ ఫలానా రోజున అని ముందే తెలిస్తే ఆ రోజు బడి నిండిపోతుంది. ప్రభుత్వ ఐటీఐలలో ఇంకో ఏర్పాటు ఉంది. 2007-08 నుంచి కొన్నేళ్లలో 1,396 ప్రభుత్వ ఐటీఐలకు ఒక్కోదానికి 2.5 కోట్ల రూపాయల వడ్డీలేని అప్పు ఇచ్చి, పరిశ్రమ మనిషి చైర్మన్‌గా మేనేజ్‌మెంట్ కమిటీలు పెట్టారు. చుట్టుపక్కల పరిశ్రమలకు కావాల్సిన పని నేర్పించాలన్నది ఆలోచన. ఆలోచన బాగుంది. కాకపోతే చైర్మన్ తన ఫ్యాక్టరీకి నలుగురు పిల్లల్ని తీసుకుంటాడా, సంతకాలు పెట్టి పోతాడా అన్నదాన్ని బట్టే దాని ఫలితం ఉంటుంది. 2025లో కేంద్రం 60,000 కోట్లతో వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను మార్చే పీఎం-సేతు పథకం తెచ్చి, అందులోనూ పరిశ్రమల చేతికే పగ్గాలిచ్చింది. కాబట్టి ప్రిన్సిపాల్‌ను ఒక్క మాట అడగండి: ‘సార్, కమిటీలో ఏ కంపెనీ ఉంది, పోయినేడు మనవాళ్లను ఎందర్ని అప్రెంటిస్‌గా తీసుకుంది?’ ఈ ప్రశ్న అడిగే తండ్రులు ఉన్న చోట ప్రిన్సిపాళ్లు కూడా కంపెనీల చుట్టూ తిరుగుతారు.

పక్కింటోళ్ల మాట కొంత పాతది. మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడానికి 2024లో టాటా టెక్నాలజీస్‌తో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఖర్చు 2,324 కోట్లు. రోబోటిక్స్, కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల పని (సీఎన్‌సీ మెషినింగ్), ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ లాంటి కొత్త కోర్సులు వచ్చాయి. మెషిన్లొచ్చినంత మాత్రాన చదువు రాదు, నిజమే. అందుకే నల్లగొండలోనూ పైన చెప్పిన తీరులోనే చూడండి. మహబూబ్‌నగర్‌లో చుట్టాలుంటే అక్కడిదీ చూడండి. దివిటిపల్లి బ్యాటరీ ఫ్యాక్టరీ, జడ్చర్ల పోలేపల్లి ఫార్మా కంపెనీలు ఆ పక్కనే. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం కాబట్టి ప్రభుత్వానిదీ ప్రైవేటుదీ ఒక్కతీరుగా అనిపిస్తే నేను ప్రభుత్వ ఐటీఐకే ఓటేస్తాను. మంచి ప్రైవేటువి లేవని కాదు. అవి ఇళ్లకు మనుషుల్ని పంపవు.

దామరచర్ల ఉద్యోగం మాట వదిలేయండి. వీర్లపాలెం దగ్గరి యాదాద్రి ప్లాంటు 4,000 మెగావాట్లది, కరెంటు తయారుచేసే ప్రభుత్వ సంస్థ జెన్‌కోది. జెన్‌కో ఉద్యోగాలకు నోటిఫికేషన్, పరీక్ష ఉంటాయి. మన జిల్లాలకు కరెంటిచ్చే టీజీఎస్‌పీడీసీఎల్‌లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకూ అంతే. ఏ ఐటీఐ చేతిలోనూ అవి లేవు. ఐటీఐ చేయించగలిగింది అప్రెంటిస్‌షిప్. 30 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం చెబుతుంది. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 స్టైపెండ్ పెట్టారు. మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ రైస్‌మిల్లులు, చౌటుప్పల్ ఫార్మా కంపెనీలు, అన్నిటికీ ఎలక్ట్రీషియన్ కావాలి. ఇంకా చదువుతానంటే దారి మూసుకుపోదు. రెండేళ్ల ట్రేడ్ పాసై ఎల్‌పీసెట్ అనే ప్రవేశపరీక్ష రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశపరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలోకి పోవచ్చు. తొందరేం లేదు, మధ్యలో ఒకట్రెండేళ్లు పని చేసి కూడా పోవచ్చు.

ఇక మీ కాగితం. వచ్చిన పనికి మళ్లీ మొదటినుంచి శిక్షణ అక్కర్లేకుండా, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు, కేంద్రం నైపుణ్య శిక్షణకు పెట్టిన పీఎంకేవీవై పథకం కింద నడుస్తుంది. కొద్ది గంటలు భద్రత గురించి, కొత్త పద్ధతుల గురించి చెప్పి, పని చేయించి చూస్తారు. అన్ని ట్రేడ్‌లకూ అన్ని వేళలా బ్యాచ్‌లు ఉండవు కాబట్టి, నల్లగొండలో జిల్లా ఉపాధి కార్యాలయంలో పేరు రాయించి నెలకోసారి కనుక్కోండి. లీడ్ బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లోనూ మోటార్ రీవైండింగ్ కోర్సు ఉంది, ఉచితం, భోజనం కూడా వాళ్లదే. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి, 43 అంటున్నారు గనుక ఆలస్యం చేయకండి. అక్కడ చేసినవాళ్లకు షాపు పెద్దది చేసుకోవడానికి బ్యాంకు లోను అడగడం కొంత తేలిక. పది కూడా కావాలనుకుంటే తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, దానికి పైవయసు అడ్డులేదు.

ఆర్‌పీఎల్ కాగితంతో సర్కారు ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఫ్యాక్టరీలో పంపుసెట్ల పని అడగడానికి పోయినప్పుడు అది పనికొస్తుంది. ఈలోగా మీరు చేసే ప్రతి మోటారుకూ హెచ్‌పీ, తేదీ, రైతు పేరు, చేసిన పని ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. బాబుతో రాయించండి, వాడికీ అలవాటవుతుంది. పరీక్ష పెట్టేవాళ్లు అనుభవానికి ఆధారం అడిగితే అదే చూపించండి.