ఇంట్లో పెంచే గంజాయి మొక్కల వాసనకు తుమ్ములు, తలనొప్పి వస్తే అది టెర్పీన్ల (మొక్కలోని వాసన పదార్థాల) అలర్జీయేనా?

చాలావరకు కాదు, ఆ ఘాటుకు ముక్కు, గొంతు, కళ్లు చికాకు పడటమే తప్ప అది అసలైన అలర్జీ కాదు.

కెనడాలో 2018 అక్టోబరు నుంచి చాలా ప్రావిన్సుల్లో ఇంటికి 4 మొక్కల దాకా పెంచుకోవచ్చు. (మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కింద పర్మిషన్ లేకుండా పెంచడం నేరం.) పూత దశలో మొగ్గల మీద పంచదార చల్లినట్టు మెరిసే జిగురు నూగు వస్తుంది. టెర్పీన్లనే వాసన పదార్థాలు ఎక్కువగా అందులోనే ఉంటాయి. మామూలు గది వేడికే ఆవిరై గాల్లో కలుస్తాయి. కిటికీలు మూసిన చిన్న గదిలో ఆ ఘాటు పేరుకుపోతుంది, ఆస్తమా, మైగ్రేన్ ఉన్నవాళ్లకు మరీ ఇబ్బంది.

కమలాపండు తొక్కను కంటి దగ్గర నొక్కి చూడండి, చుర్రుమంటుంది. ఆ తుంపరలో ఉండే లిమొనీన్ గంజాయిలోనూ ఉంటుంది. ధనియాల వాసనకు కారణమైన లినలూల్ కూడా ఉంటుంది. ఈ రెండూ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే మాత్రం చర్మానికి నిజమైన అలర్జీ తెప్పించగలవు, కాబట్టి మొగ్గలు కత్తిరించేటప్పుడు గ్లోవ్స్ తప్పనిసరి. దద్దుర్లు, పిల్లికూతలు వస్తే పుప్పొడినో, మొక్కలోని ప్రోటీన్లనో, తేమ గదిలో పట్టే బూజునో అనుమానించి డాక్టరుకు చూపించాలి.

పచ్చి మొక్క వాసన పీలిస్తేనే మత్తెక్కుతుందని చాలామంది టెన్షన్ పడతారు. అది నిజం కాదు. మత్తునిచ్చే టీహెచ్‌సీ మొక్కలో ఎక్కువగా మత్తులేని ఆమ్ల రూపంలో ఉంటుంది, పైగా మామూలు గది వేడికి గాల్లోకి దాదాపుగా రాదు.