ఆటలో మోకాలు పోయింది, డబ్బు ఇచ్చేది లేదంటున్నారు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. సంక్రాంతి పోటీల్లో మట్టి మీద కబడ్డీ ఆడుతూ లీగ్ మ్యాట్ దాకా వచ్చాను. ఓ జట్టుతో రెండు సీజన్ల ఒప్పందం ఉంది. మొదటి సీజన్‌లోనే కూతకు వెళ్లినప్పుడు మోకాలి లిగమెంటు తెగింది. రెండో సీజన్ డబ్బు ఇచ్చేది లేదంటున్నారు. కొంత ఇస్తాం, సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నా ఫొటోతో ఓ పెయింట్ ప్రకటన ఇంకా తిరుగుతోంది. తమతో ఒప్పందం ముగిశాక కూడా రెండేళ్లు ఏ పనైనా తమ ద్వారానే చేయాలని నా వ్యవహారాలు చూసే ఏజెన్సీ అంటోంది, ఊళ్లో అకాడమీ పెట్టుకున్నా సరే. టెన్షన్‌తో నిద్ర లేదు.
– ఓ పాఠకుడు

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ‘నాకు రావలసినదంతా ముట్టింది’ అని ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఇలాంటి ఒప్పందాలు నేను చదివాను. ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు ఉంటాయి, ప్రతి పేజీ కింద ఆటగాడి సంతకం ఉంటుంది, చదివి చెప్పిన వాళ్లు మాత్రం ఉండరు. మీ ఒప్పందంలో గాయం గురించిన క్లాజ్ వెతికించండి. ఆటలోనో, జట్టు శిక్షణలోనో తగిలిన దెబ్బను, బయట తగిలిన దెబ్బను చాలా ఒప్పందాలు వేరుగా చూస్తాయి. మీది సీజన్‌కు ఇంత అని రాసిన ఒప్పందమైతే, గాయపడితే రద్దు చేసుకోవచ్చనే మాట అందులో లేకపోతే, మీ కేసు గట్టిది. ఆడిన మ్యాచ్‌కే డబ్బు అని రాసుకుంటే ఆడని మ్యాచ్‌లకు అడగడం కష్టమే. ఆ కూత వీడియో, ఎమ్మారై రిపోర్టు, ఫిజియో వాట్సాప్ మెసేజ్‌లు వెంటనే భద్రం చేయండి.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే గొడవను కోర్టు బయట ఓ మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) తేల్చాలనే షరతు ఉంటే కోర్టుకన్నా ముందు నోటీసు పంపాలి. ఆర్బిట్రేటర్‌ను జట్టు యాజమాన్యమే నియమిస్తుందని రాసి ఉన్నా భయపడకండి. ఒక పక్షం ఒంటరిగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ కేసులో చెప్పింది. ఎవరిని పెట్టాలో కుదరకపోతే ఆర్బిట్రేటర్‌ను నియమించమని హైకోర్టును అడగవచ్చు. డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి మూడేళ్లలోపు కదలాలి.

ఇక ఏజెన్సీ మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి బతుకుతెరువును అడ్డుకునే ఒప్పందం చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ విషయంలో ఇదే జరిగింది. ఒప్పందం ముగిశాక కూడా ముందు మాకే అవకాశం ఇవ్వాలన్న మేనేజ్‌మెంట్ కంపెనీ షరతు చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ అకాడమీని ఎవరూ ఆపలేరు. అయితే ఏజెన్సీ ఇదివరకే తెచ్చిన పనుల కమిషన్ బాకీ ఉంటే అది ఇచ్చేయాలి.

ఆటగాడిని కట్టిపడేయడం మన దగ్గరే కాదు. సిడ్నీలో డెన్నిస్ టుట్టీ అనే రగ్బీ లీగ్ ఆటగాడిని ఒప్పందం ముగిసినా బాల్మెయిన్ క్లబ్ వదల్లేదు. 1969 సీజన్ అంతా ఆడకుండా కూర్చున్నాడు. ఆ ఏడాదే అతని జట్టు కప్పు గెలిచింది, అతను లేకుండానే. 1971లో ఆస్ట్రేలియా హైకోర్టు అతని పక్షాన నిలిచింది. ఆ కుర్రాడు పోగొట్టుకున్న సీజన్ గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

పాత మ్యాచ్ వీడియోలు చూపించడం వేరు, మీ ముఖంతో పెయింట్ అమ్మడం వేరు. ఫొటో వాడుకునే అనుమతి ఎన్నాళ్లకు ఇచ్చారో చూడండి. గడువు దాటితే ప్రకటన తీసేయమని, వాడినందుకు పరిహారం ఇవ్వమని నోటీసు ఇవ్వండి. ప్రకటనను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

లాయర్ ఫీజు భారమనుకుంటే ఒప్పందం కాపీతో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్ణీత పరిమితికన్నా ఆదాయం తక్కువున్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.