ఎలుకని పట్టడం తర్వాత, ముందు అది వచ్చే దారి పట్టండి

వంటింట్లో చిట్టెలుకలు ఎక్కువయ్యాయి, మందు పెడితే తగ్గినట్టే తగ్గి రెండు వారాలకి మళ్ళీ వస్తున్నాయి, ఇంట్లో పాకే బాబు ఉన్నాడు, ఏం చేయమంటారు అని అడిగారు. మూడేళ్ళ కిందట మా ఇంట్లో సరిగ్గా ఇదే పరిస్థితి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఆ మందు బిళ్ళలు ఇంకా ఏ మూలైనా ఉంటే ముందు లేచి, చేతికి కవరు తొడుక్కుని అన్నీ ఏరి పారేయండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

మాది తెనాలి శివారు. వెనక ప్రహరీ దాటితే వరి చేలే. సార్వా పంట చేలో ఉన్నన్నాళ్ళూ ఎలుకలకి తిండికి కొదవ లేదు. కోతలై, నూర్పిళ్ళు కూడా అయిపోయాక అక్కడ మిగిలేది ఏమీ ఉండదు, పైగా చలి. అప్పుడు దగ్గరున్న ఇళ్ళలోకి వస్తాయి. ఆ ఏడాది సంక్రాంతి ముందు పప్పు డబ్బాల వెనక నల్లగా జీలకర్ర గింజల్లాంటివి కనిపించాయి. నిజంగా జీలకర్రే ఒలికిందనుకుని తుడిచేశాను. మర్నాడు మళ్ళీ అక్కడే ఉన్నాయి. అవి చిట్టెలుక పెంటికలు. పెద్ద ఎలుకవైతే ఇంకా లావుగా, పొడుగ్గా ఉంటాయి. ఇంకో సంగతి, మూతి సన్నగా పొడుగ్గా ఉండి, కిచకిచమంటూ గోడవారన పరిగెత్తి, వెళ్ళిన చోటల్లా ఒక రకమైన కంపు వదిలేది చుంచు. అది ఎక్కువగా బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది, బియ్యం బస్తాల జోలికి రాదు. మీ ఇంట్లో ఉన్నది ఏదో ముందు తేల్చుకోండి.

మేమూ అందరిలాగే మందుతోనే మొదలుపెట్టాం. కొట్లో నీలం రంగు బిళ్ళలు ఇచ్చారు. ఒక ఎలుక అల్మరా వెనక ఎక్కడో చచ్చింది. అల్మరా గోడకి బిగించేసింది, కదలదు. తొమ్మిది రోజులు ఆ వాసన భరించాం. పదో రోజున మా పాప, అప్పటికి పద్నాలుగు నెలలు, ఫ్రిజ్ పక్క నుంచి పాకుతూ వచ్చింది. గుప్పిట మూసి ఉంది. విప్పి చూస్తే నీలం బిళ్ళ, ఒక అంచు తడిగా ఉంది. నోట్లో పెట్టుకుందో, చొంగ అంటిందో తెలియదు. ఆ బిళ్ళ చేతిలో పట్టుకునే ఆసుపత్రికి పరిగెత్తాం.

డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ప్యాకెట్టు తెచ్చారా?" అని. అట్ట మీద బ్రోమాడియోలోన్ అని ఉంది. అది రక్తం గడ్డకట్టనివ్వని మందు, పని చేయడానికి రోజులు పడుతుంది, కాబట్టి ఇవాళ పాప హుషారుగా ఉన్నా రెండు రోజులాగి రక్తపరీక్ష చేయాలన్నారు. దీనికి విరుగుడుగా విటమిన్ కె ఉందన్నారు. దేవుడి దయవల్ల పరీక్షలో ఏమీ తేలలేదు. ఆ రెండు రాత్రులు మాత్రం నేను పాప చిగుళ్ళు చూసుకుంటూనే కూర్చున్నాను. ట్యూబులో పేస్టులా వచ్చే మందు ఇంకా ఘోరమని ఆయనే చెప్పారు. అందులో పసుపు భాస్వరం ఉంటుంది, దానికి విరుగుడే లేదు. తిన్నవాళ్ళు మొదట వాంతులు చేసుకుని, ఒకటి రెండు రోజులు బాగయినట్టే కనిపిస్తారు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి పిల్లాడు ఆడుకుంటున్నాడు కదా అని ఎప్పుడూ ఆగకండి, గొంతులో వేలు పెట్టి కక్కించకండి. 108కి ఫోన్ చేసి, ప్యాకెట్టుతో సహా వెళ్ళండి. పాకే పిల్లలున్న ఇంట్లో ఎలుకల మందు ఉండకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక అసలు దారి చూపించింది మా మామయ్యగారు. ఆయన వ్యవసాయం చేసే రోజుల్లో చేలో ఎలుకలు పడితే యానాదుల్ని పిలిపించేవారట. వచ్చిన పెద్దాయన వెంటనే గునపం పట్టడు. గట్టు చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరుగుతాడు. ఏ కలుగు కొత్తది, ఏది పాతది, బయట తవ్విపోసిన మట్టి తడిగా ఉందా ఎండిందా, అన్నీ చూస్తాడు. కన్నాలన్నీ మట్టితో మూసి, ఒక్కటి వదిలి, అక్కడ కుండలో గడ్డి వేసి పొగ ఊదుతాడు. "కన్నాలు మూయకుండా పొగబెడితే ఎలుక అటు పోతుంది, పొగ మన కళ్ళలోకి వస్తుంది. మీరు చేస్తున్నదీ అదేనమ్మా" అన్నారు మామయ్యగారు. ఆ మాట నాకు బాగా పట్టింది. మేం లోపలున్నవాటిని చంపుతున్నాం, వచ్చే దారి అలాగే ఉంది. ఈ చిట్టెలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, ఈతకి అయిదారు పిల్లలు, ఆ పిల్లలు నెలన్నర తిరిగేసరికి ఈతకొస్తాయి. ఒకటీ అరా చంపుతూ పోతే ఎప్పటికి అయ్యేను?

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ముగ్గుపిండి తీసుకుని వంటింట్లో గోడల వెంబడి, ఫ్రిజ్ చుట్టూ, గట్టు కింద జల్లెడతో పల్చగా చల్లాను. బియ్యప్పిండి వద్దు, తినేస్తాయి. ఎలుక గది మధ్యలోంచి నడవదు, మీసాలు గోడకి తగిలేలా వారన పోతుంది. తెల్లారి టార్చి పక్కగా పట్టి చూస్తే పిండిలో అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. ముందు కాళ్ళకి నాలుగు వేళ్ళు, వెనక కాళ్ళకి అయిదు, మధ్యలో తోక ఈడ్చిన సన్నని గీత. ఫ్రిజ్ వెనక నుంచి బయల్దేరి, గోడ మూల తిరిగి, సింకు కిందికి. అక్కడ మురుగు పైపు గోడలోంచి బయటికి పోయేచోట పైపుకీ గోడకీ మధ్య నా బొటనవేలు దూరేంత ఖాళీ ఉంది. ఇల్లు కట్టినప్పుడు వదిలేసింది, మేం ఏనాడూ వంగి చూడలేదు. మర్నాడు మిగతా గదుల్లో కూడా పిండి చల్లితే ఇంకో రెండు దారులు తేలాయి. ఒకటి పెరటి తలుపు కింది సందు, రెండోది ఏసీ పైపు వెళ్ళే కన్నం. పెన్సిలు దూరే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది, కాబట్టి ఇది చిన్నదేలే అని దేన్నీ వదలకండి.

మూయడం ఎలాగంటే, గిన్నెలు తోమే స్టీలు పీచు సందులో గట్టిగా కూరి, పైన సిమెంటు పూయాలి. మా మేస్త్రి సిమెంటులో పగిలిన గాజు నలిపి కలిపాడు. వట్టి సిమెంటు ఆరకముందే గోకేస్తాయట. గుడ్డలు, థర్మాకోలు, స్ప్రే ఫోము పెట్టి లాభం లేదు, ఎలుక పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. తలుపు కింద రేకు పట్టీ కొట్టించాం. బాత్రూం తూముకి స్టీలు జాలీ, ఎగ్జాస్ట్ ఫ్యానుకి సన్న వల. అన్నీ కలిపి ఒక పూట పని.

సింకు కింది కన్నం మాత్రం కావాలనే ఆఖరికి ఉంచాం. దాని దగ్గర రెండు, ఫ్రిజ్ వెనక ఒకటి, బియ్యం దగ్గర ఒకటి, మొత్తం నాలుగు బోనులు పెట్టాను. బోను నోరు గోడవారన ఉండాలి, గది మధ్యలో పెడితే ఖాళీగా ఉంటుంది. ఎరకి నా అనుభవంలో ఎండు కొబ్బరి ముక్కని మించింది లేదు. స్టవ్ మంట మీద అంచులు నల్లబడేదాకా కాల్చి, నూనె వాసన వస్తుండగానే కొక్కానికి గుచ్చాలి. ఎండుచేప కూడా బాగా పనిచేస్తుంది కానీ మా అత్తయ్య వంటింట్లో పెట్టనివ్వలేదు. ఎనిమిది రాత్రుల్లో తొమ్మిది పడ్డాయి. మావారు పొద్దున్నే బండి మీద తీసుకెళ్ళి ఊరి బయట, ఇళ్ళకి దూరంగా కాలువగట్టున వదిలేవారు. వీధి చివర వదిలితే తిరిగి వచ్చేస్తాయి. వరసగా మూడు రోజులు ముగ్గుపిండి మీద ఒక్క అచ్చు కూడా పడకపోయాక ఆఖరి కన్నం మూయించాం.

జిగురు అట్టలు మాత్రం వాడకండి. ఒకసారి పెట్టాం. రాత్రంతా అది అరుస్తూనే ఉంది, పొద్దున చూసేసరికి కాలు చర్మం ఊడి ఉంది. ఆ పాపం మనకొద్దు. కర్పూరం, పుదీనా నూనె, ప్లగ్గులో పెట్టే సౌండు మిషను అన్నీ కొన్నాం, రెండు రోజుల్లో వాటికి అలవాటైపోయాయి. కలరా ఉండలు, తెలంగాణలో డాంబర్ గోళీలు అంటారు, అవి కూడా పిల్లలు మింగితే ప్రమాదమే.

తిండి సంగతి మీకు తెలిసిందే, గోనెసంచిలో బియ్యం వద్దు, స్టీలు డ్రమ్ము కొనండి, ప్లాస్టిక్ డబ్బా మూతలు కొరికేస్తాయి. రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో ఉంచకండి.

ఒకటి తప్పకుండా ఇవాళే చూడండి. గ్యాస్ ట్యూబు. బోనులు పెట్టేటప్పుడు వంగి చూస్తే మా రబ్బరు ట్యూబు మీద రెండు పళ్ళ గాట్లు పక్కపక్కనే, ఉలితో చెక్కినట్టు ఉన్నాయి. ఇంకో రెండు కొరుకులైతే గ్యాసు బయటికి వచ్చేది. వెంటనే రెగ్యులేటరు కట్టేసి, గ్యాస్ ఏజెన్సీలో దొరికే నారింజ రంగు సురక్షా ట్యూబు తెచ్చి వేయించాం. దాని లోపల తీగ అల్లిక ఉంటుంది, తేలిగ్గా కొరకలేవు. దాన్నీ అయిదేళ్ళకోసారి మార్చాలి.

పెంటికలు ఉన్నచోట పొడి చీపురుతో ఊడ్చకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. మాస్కు, గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్ళు చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, పాత గుడ్డతో తీసి కవర్లో కట్టి పారేయండి. ఎలుక ఉచ్చతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, బాబు పాకే నేల కాబట్టి ఇది బద్ధకించే పని కాదు.

మా బోనులు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. మార్గశిరంలో వెనక చేలో కోతలు మొదలవగానే దించి, ఎండలో పెట్టి, కొబ్బరి కాల్చి గుచ్చుతాను. ఆ వారమే టార్చి పట్టుకుని మూసిన కన్నాలన్నీ ఒకసారి తడిమి చూస్తాను. పోయినసారి తలుపు రేకు ఒక చివర వంగి ఉంటే సరిచేయించాం. బోనులు పదిహేను రోజులున్నాయి, కొబ్బరి ముక్కలు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి.